సంచులు కాసేవాళ్ళకూ చోటున్న తోటలు

డెన్మార్క్ నుంచి తిరిగొచ్చి వారం కాలేదు. రాత్రి రెండు దాటితే గాని నిద్ర పట్టడం లేదు. అక్కడి గడియారం వేసవిలో మనకంటే మూడున్నర గంటలు వెనక నడుస్తుంది కనుక ఒళ్ళు ఇంకా ఆ లెక్కలోనే ఉంది. ఆ నిద్ర పట్టని వేళల్లో, చూసినవి మరుపున పడకముందే, ఇది రాసి పెడుతున్నాను.

రంగులరాట్నం దగ్గరకు వచ్చేసరికి మా ఇంట్లో మనుషులు రెండు వర్గాలుగా చీలిపోతారు: ఎక్కేవాళ్ళు ఒకరు, ఎక్కేవాళ్ళ సంచులు కాసేవాళ్ళు ఒకరు. పెళ్ళయిన నాటి నుంచీ నేనూ మావారూ రెండో వర్గంలోనే ఉన్నాము. నాంపల్లి నుమాయిష్‌లో జెయింట్ వీల్ కింద నిలబడి ఆడపడుచు పిల్లల చెప్పులు కాశాను. ఆ తర్వాత పుట్టుకొచ్చిన నీటి పార్కుల్లో సిమెంటు గట్టు మీద కూర్చుని తడి తువ్వాళ్ళూ, కళ్ళజోళ్ళూ, పర్సులూ కాశాను. అందువల్ల కోపెన్‌హాగెన్‌లో ఉన్న మా అమ్మాయి, "ఈసారి మిమ్మల్ని మూడు పార్కులకు తీసుకెళతాను" అని ఫోనులో చెప్పినప్పుడు, మూడు రోజులు సంచులు కాయాలన్నమాట అనుకున్నానే తప్ప వేరే ఆశలేమీ పెట్టుకోలేదు.

జూన్ 20, శుక్రవారం: టివోలీ, మొదటి సాయంత్రం

కోపెన్‌హాగెన్ పెద్ద స్టేషన్ నుంచి బయటికొచ్చి రోడ్డు దాటితే టివోలీ అనే వినోదాల తోట. ఊరి నడిబొడ్డున ఇంత తోటను ఎవరూ కట్టడాలతో నింపకుండా ఎలా వదిలేశారన్నది నా మొదటి సందేహం. 1843లో, సరిగ్గా మన పంద్రాగస్టు తేదీనే దీన్ని తెరిచారు. అప్పటికి ఇది నడిబొడ్డు కాదు, కోటగోడల అవతల పశ్చిమ ద్వారం బయట ఉన్న ఖాళీ స్థలం. తోట మధ్యనున్న చెరువు ఆనాటి కోట కందకంలో మిగిలిన ముక్క. జార్జ్ కార్‌స్టెన్‌సెన్ అనే ఆయన ఎనిమిదో క్రిస్టియన్ రాజు దగ్గరకు వెళ్ళి, జనం వినోదంలో మునిగి ఉంటే రాజకీయాల జోలికి రారని నచ్చజెప్పి అనుమతి సంపాదించాడని చెప్పుకుంటారు. ఈ కిటుకు మనవాళ్ళకు ఒకరు నేర్పనక్కరలేదు.

లోపలికి పోవడానికి ఒక టికెట్టు, ఆటలు ఎక్కడానికి వేరే టికెట్టు. పెద్దవాళ్ళకు ప్రవేశానికి తలా 200 క్రోనర్లకు కాస్త అటూ ఇటూగా అయింది. క్రోనరంటే మనకు పదమూడు రూపాయల పైమాటే కనుక ఆ గుణకారం చేయగానే మావారి ముఖం మారింది. అయినా ఆ పద్ధతి నాకు వెంటనే నచ్చింది. ఎక్కని మనిషి చేత ఎక్కే మనిషి డబ్బు కట్టించడం లేదు. తోట చూడడానికి వచ్చినవాడు తోటకే కడుతున్నాడు.

తోట అనే మాట ఊరికే వాడడం లేదు. నేను చూసిన పార్కుల్లో యంత్రాలు ముందు పెట్టి, వాటి మధ్య మిగిలిన జాగాలో నాలుగు క్రోటన్ మొక్కలు నాటుతారు. ఇక్కడ పూలమడులు, చెట్లు, చెరువు, వాటి చుట్టూ బెంచీలు ముందు ఉన్నాయి. ఆటలు వాటి వెనకా పక్కనా ఒదిగి ఉన్నాయి. బెంచీలు కూడా గోడ వైపు తిరిగి లేవు, ఏదో ఒకటి కనిపించే వైపే ఉన్నాయి. మనవరాలు తల్లితో కలిసి ఊగే పడవ వరుసలో నిలబడితే, మేమిద్దరం చెరువు గట్టున కూర్చున్నాము. పెద్ద తోక ఈడ్చుకుంటూ నిజమైన నెమలి ఒకటి మా కాళ్ళ ముందు నుంచి, మేము అసలు లేనట్టే నడిచిపోయింది.

ఇంట్లో వండినది లోపలికి తెచ్చుకోవచ్చునని అమ్మాయి ముందే చెప్పింది కనుక పులిహోర కట్టుకుని వెళ్ళాము. మావారు డబ్బా మూత తీసేసరికి ఇంగువ వాసన పక్క బెంచీ దాకా పాకింది. అక్కడ మా వయసు దంపతులు ముదురు గోధుమరంగు రై రొట్టె మీద ఉడికించిన గుడ్డు ముక్కలు పేర్చుకుని తింటున్నారు. వాళ్ళు మమ్మల్ని ఏ ఊరని అడగలేదు, ఎంతమంది పిల్లలని అడగలేదు. డెన్మార్క్‌లో ముక్కూ మొహం తెలియని మనిషిని పలకరించడం మర్యాద కింద లెక్క కాదని వారం తిరిగేసరికి నాకు అర్థమైంది. కాని మావారి చెంచా కింద పడగానే ఆవిడ తన బుట్టలోంచి చెక్క చెంచా ఒకటి తీసి, మాటా పలుకూ లేకుండా మా మధ్య బెంచీ మీద పెట్టింది. "తక్" అన్నాను, కృతజ్ఞత చెప్పడానికి అప్పటికి నాకు వచ్చిన ఒకే ఒక డేనిష్ మాట అది. ఆవిడ తల ఊపి మళ్ళీ తన రొట్టెలో పడింది.

తోటలో నాకు అన్నిటికంటే నచ్చినది మూకాభినయ నాటకశాల. 1874లో కట్టిన ఆ చిన్న రంగస్థలానికి తెర ఉండవలసిన చోట పురివిప్పిన నెమలి ఉంటుంది. ఆట మొదలయ్యే వేళకు ఆ పింఛం ఈకల వరుసలు ఇటూ అటూ ముడుచుకుంటూ దిగిపోతాయి. ప్రేక్షకులు బయట ఆరుబయటే నిలబడి చూస్తారు, విడిగా టికెట్టు లేదు. హార్లెక్విన్, అతడు ప్రేమించిన కొలంబైన్, ఆమె మీద కాపలా కాసే ముసలి కసాండర్, అతడి నౌకరు పియరో. ఒక్క మాట లేదు కనుక భాష రానివాళ్ళమన్న బెంగ లేదు. తెల్ల దుస్తులు, తెల్ల ముఖం, ఎర్రటి పెదవులతో ఉన్న పియరో ప్రతి పనీ తలకిందులు చేసి తన్నులు తింటూ ఉంటే, చిన్నప్పుడు మా ఊళ్ళో తోలుబొమ్మలాటకు వచ్చే కేతిగాడు గుర్తొచ్చాడు. ఒక తేడా మాత్రం ఉంది. కేతిగాడు నోరు తెరిచాడంటే పెద్దవాళ్ళు పిల్లల చెవులు మూసేవారు; ఇక్కడ ఆట ముగిశాక పిల్లలందరూ కలిసి, "ఏదైనా మాట్లాడు, పియరో!" అని వాళ్ళ భాషలో గొంతు చించుకుని అరిచి మరీ అతడి నోరు తెరిపిస్తారు. మా మనవరాలు ఆ అరుపులో కలిసిపోయింది.

వెళ్ళిన రోజు శుక్రవారం కావడమే మేము చేసిన తప్పు. వేసవి శుక్రవారాల్లో రాత్రి పెద్ద సంగీత కచేరీ ఉంటుంది, ప్రవేశ టికెట్టుతోనే వినవచ్చు. ఎనిమిది దాటేసరికి పడుచువాళ్ళు గుంపులు గుంపులుగా వచ్చి, తోసుకోకుండానే తోటనంతా నింపేశారు. రాత్రి వెలిగే దీపాలు చూడాలన్నది నా కోరిక. అయితే జూన్ నెలాఖరులో అక్కడ పొద్దు గుంకేసరికి పది అవుతుంది. తొమ్మిదింటికి మిట్టమధ్యాహ్నంలా వెలుతురు ఉండగానే మనవరాలు నా భుజం మీద నిద్రపోయింది. దీపాలు చూడకుండానే ఇల్లు చేరాము.

జూన్ 22, ఆదివారం: ముందు సముద్రం, తర్వాత బాకెన్

అమ్మాయికీ అల్లుడికీ ఇంటి పనులున్నాయంటే, మనవరాలిని తీసుకుని మేమిద్దరమే బాకెన్ అనే రెండో పార్కుకు బయల్దేరాము. లోకల్ రైలు ఆఖరి స్టేషన్ క్లాంపెన్‌బోర్గ్‌లో దిగాలి. దిగిన జనమంతా పిల్లలతో, బుట్టలతో ఒకే వైపు నడుస్తున్నారు. "తిరునాళ్ళలో దారి అడగకూడదు, జనం ఎటు పోతే గుడి అటే" అని మావారు మమ్మల్ని వాళ్ళ వెనక నడిపించారు. కాసేపటికి ఎదురుగా ఇసుక, నీలం చారల గొడుగులు, సముద్రం వచ్చాయి.

"తాతయ్యా, ఇది బీచి."

"ముందే చెప్పొచ్చు కదమ్మా?"

"మీరు అడగలేదుగా."

స్టేషనుకు తూర్పున సముద్రం, పడమట అడవి. వెనక్కి తిరిగి పట్టాల అవతలికి వెళితే ఎర్ర రంగు వేసిన పెద్ద ద్వారం, అక్కడి నుంచి రాజుగారి జింకల వనం మొదలయ్యాయి. రాజులు వేటకు కంచె వేయించుకున్న ఈ అడవిని 1756లో ప్రజలకు మళ్ళీ తెరిచారు. ఇప్పుడు అందులో రెండు వేలకు పైగా జింకలు తిరుగుతున్నాయి. ద్వారం దగ్గర గుర్రబ్బండ్లు ఉన్నాయి. మా ముగ్గురికీ చెప్పిన కిరాయితో బెజవాడలో రెండు నెలలు ఆటోలో తిరగవచ్చు కనుక నడిచాము. పదిహేను నిమిషాల నడకలో నాలుగుసార్లు ఆగాము, నాలుగుసార్లూ జింకల కోసమే. అవి మనుషులకు బెదరవు. మనవరాలు గడ్డి చూపిస్తే ఒకటి తలెత్తి చూసి, ఆ గడ్డి దానికి ముందే తెలుసన్నట్టు తల దించుకుంది.

బాకెన్ పుట్టుక వింటుంటే అది మన కథే అనిపించింది. 1583లో కిర్‌స్టెన్ పీల్ అనే ఆవిడకు ఈ అడవిలో ఒక ఊట కనిపించిందట. ఆ నీటికి రోగాలు మాన్పే మహిమ ఉందని జనం రావడం మొదలుపెట్టారు. జనం వెంట దుకాణాలు, దుకాణాల వెంట గారడీవాళ్ళు వచ్చారు. తీర్థం కాస్తా తిరునాళ్ళయింది, తిరునాళ్ళ కాస్తా పార్కయింది. ఇప్పటికీ నడుస్తున్న వినోద స్థలాల్లో ప్రపంచంలోకెల్లా పాతది ఇదేనంటారు. కోటప్పకొండ తిరునాళ్ళకు ప్రహరీ కట్టకుండా, ఏడాదిలో సగం రోజులు జరిపిస్తే ఎలా ఉంటుందో బాకెన్ అలా ఉంది: తుపాకీతో బెలూన్లు కొట్టడం, సీసాల మెడకు రింగులు వేయడం, పీచుమిఠాయి, బూరలు. ప్రవేశ రుసుము లేనే లేదు. ఎక్కిన ఆటకే డబ్బు. టివోలీలో మనుషులు మంచి బట్టలు కట్టుకుని వచ్చారు. ఇక్కడ నిక్కర్లతో, కుక్కలతో వచ్చి బీరు గ్లాసుల ముందు గట్టిగా నవ్వుతున్నారు. పియరో ఇక్కడా ఉన్నాడు. 1800 ప్రాంతం నుంచీ ఉన్నాడట. కాకపోతే ఇక్కడ రంగస్థలం మీద కంటే పిల్లల మధ్యనే ఎక్కువ తిరుగుతాడు.

రింగుల దుకాణంలో మనవరాలు మూడు రింగులు వేసి మూడూ పోగొట్టుకుంది. దుకాణం ఆవిడ అటూ ఇటూ చూసి నాలుగో రింగు చేతిలో పెట్టింది. అదీ పోయింది. అయిదోది ఇవ్వలేదు, దయకూ వ్యాపారానికీ మధ్య గీత ఎక్కడ గీయాలో ఆవిడకు బాగా తెలుసు.

మధ్యాహ్నం ఒక భోజనశాలలో కూర్చుని, మాంసం తినమని చెప్పి, బంగాళాదుంప పెట్టిన రొట్టె అడిగాము. రై రొట్టె మీద చల్లటి ఉడికించిన దుంప బిళ్ళలు, మీద తెల్లటి మయొనైజ్, సన్నగా తరిగిన ఉల్లికాడలు, కరకరలాడే గోధుమరంగు తునకలు. వేయించిన ఉల్లిపాయలని మావారు ఒక ముక్క నమిలి ఆగిపోయారు. అవి పంది మాంసం తునకలు. వడ్డించిన కుర్రాడు ఎర్రబడిపోయి, మరో మాట లేకుండా పళ్ళెం మార్చి తెచ్చాడు. తప్పు సగం మాదే. దుంప రొట్టె అన్నాక పైన చల్లేదేమిటో కూడా అడగాలని మాకు తోచలేదు. రెండోసారి వచ్చినవి నిజంగానే ఉల్లిపాయలు, రుచి కూడా బాగుంది. మావారు మాత్రం ఆ పూటకు నీళ్ళతో సరిపెట్టుకున్నారు.

1932 నాటి చెక్క రోలర్ కోస్టర్ కింద ఒక గంట కూర్చున్నాను. పైన బండి పోయినప్పుడల్లా చెక్కలు కిర్రుమని మూలిగి, బండి దాటగానే సర్దుకుంటున్నాయి. మా అమ్మమ్మగారింటి మిద్దె మెట్లు ఇలాగే మూలిగేవి.

ఇంటికి చేరాక అమ్మాయి కోల్‌స్కోల్ అనే వేసవి వంటకం పెట్టింది. మజ్జిగలో గుడ్డు సొన, చక్కెర, నిమ్మ, వెనిల్లా కలిపి, మీద చిన్న బిస్కెట్లు చిదిమి వేసుకుంటారు. మజ్జిగలో చక్కెర వేసుకునే దేశంలో పిల్లను ఉంచానా అని మావారు బాధపడ్డారు. నేను రెండు గిన్నెలు తిన్నాను.

జూన్ 24, మంగళవారం: లెగోలాండ్, వానలో

అల్లుడి కారులో లెగోలాండ్ ఉన్న బిలుండ్ అనే ఊరు చేరేసరికి వాన మొదలైంది. ఇది పిల్లల రాజ్యం, దాన్ని దాచిపెట్టడం కూడా లేదు. నాలుగైదు వందల క్రోనర్ల టికెట్టులోనే ఆటలన్నీ కలిసి ఉన్నాయి కనుక ఎక్కనివాళ్ళకు గిట్టుబాటు లేదు. అయినా లెగో ముక్కలతో చిట్టి ఊళ్ళు కట్టి పెట్టిన మినీలాండ్ దగ్గర నేను నా టికెట్టు డబ్బు రాబట్టుకున్నాను.

ఓలే కిర్క్ క్రిస్టియాన్‌సెన్ అనే వడ్రంగి 1932లో ఈ ఊళ్ళో మొదలుపెట్టినది చెక్క బొమ్మల పని. "బాగా ఆడుకో" అనే అర్థమిచ్చే రెండు డేనిష్ మాటలు కలిపి లెగో అన్నాడు. ఒకదానికొకటి అతికించి కట్టే ప్లాస్టిక్ ముక్కలు ఆ తర్వాత వచ్చాయి. ఫ్యాక్టరీలో పెట్టిన బొమ్మ కట్టడాలు చూడడానికి జనం విరగబడుతుంటే, అవి పెట్టడానికి విడిగా ఒక తోట కావాలని ఆయన కొడుకు గాడ్‌ఫ్రెడ్ 1968 జూన్ 7న దీన్ని తెరిచాడు. మా బెజవాడకు కూతవేటు దూరంలోని కొండపల్లిలో తెల్లపొణికి చెక్కతో బొమ్మలు చేసే ఇళ్ళు చూసి పెరిగినదాన్ని నేను. వడ్రంగి బొమ్మల మీద ఒక ఊరు ఇంత ఎదిగిందంటే అసూయ కలగలేదని చెప్పలేను.

మినీలాండ్ పెద్ద బొమ్మలకొలువు. తేడా అల్లా, మనం మెట్ల మీద పేరిస్తే వాళ్ళు నేల మీద నీళ్ళు పారించి పేర్చారు. కోపెన్‌హాగెన్ రేవు పక్కన రంగురంగుల ఇళ్ళు నా మోకాలి ఎత్తున ఉన్నాయి. నాలుగు రోజుల క్రితం నేను నడిచిన వీధి అది. కాలువలో పడవ ఒకటి లాకు దాకా వచ్చి ఆగింది, తలుపులు మూసుకున్నాయి, నీటిమట్టం పెరిగింది, పడవ పైకి లేచి ముందుకు సాగింది. గొడుగు పట్టుకుని వంగి చూస్తుంటే ఒక వాన చినుకు రేవులోని బొమ్మ మనిషి నెత్తిన పడింది. ఆ చినుకు వాడి తలకంటే పెద్దది. పక్కన పసుపు రంగు రెయిన్‌కోటులో ఒక తోటమాలి మోకాళ్ళ మీద కూర్చుని జానెడు చెట్టును కత్తెరతో దిద్దుతున్నాడు. చుట్టూ పిల్లలు అరుస్తున్నా తల ఎత్తలేదు.

ఏడేళ్ళు నిండిన పిల్లలకు అక్కడ డ్రైవింగ్ బడి ఉంది. మనవరాలికి కిందటి నెలలోనే ఏడు నిండాయి. ముందు పాఠం, తర్వాత చిన్న కారు, చిన్న రోడ్లు, చిన్న సిగ్నళ్ళు. మావారు కంచె పట్టుకుని, "ఎడమ పక్కకు రా తల్లీ, ఎడమ పక్కకు!" అని కేకలు వేశారు. ఆ దేశంలో కుడివైపు నడపాలి. ఆ పిల్ల తాతయ్య మాట విని ఎడమకు తిప్పింది, ఎదురుగా వస్తున్న ఎర్ర జుట్టు పిల్లవాడు బ్రేకు వేసి, హారన్ కొట్టకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆమె వెనక్కి తీసేదాకా ఎదురుచూశాడు. వాళ్ళ పెద్దవాళ్ళు ఎర్ర సిగ్నల్ దగ్గర బండి ఒక్కటీ లేకపోయినా నిలబడడం ఎక్కడ నేర్చుకుంటారో నాకు అప్పుడు తెలిసింది. లైసెన్సు కార్డుకు వేరే డబ్బు కట్టాము. దాన్ని తాతయ్యకు చూపించడానికి మనవరాలు సాయంత్రం దాకా ఒప్పుకోలేదు.

జూన్ 28, శనివారం: మళ్ళీ టివోలీ

తిరుగు ప్రయాణానికి రెండు రోజులుంది. దీపాలు చూడకుండా వెళ్ళనని నేను పట్టుబట్టడంతో సాయంత్రం ఆరింటికి వెళ్ళాము. ఈసారి మనవరాలికి మధ్యాహ్నమే బలవంతంగా నిద్ర పెట్టాము.

లోపలికి పోగానే డప్పుల చప్పుడు. ఎర్ర కోట్లు, ఎలుగుబంటి బొచ్చు టోపీలు పెట్టుకున్న పిల్లల పటాలం వాద్యాలు మోగిస్తూ వచ్చింది. 1844 నుంచీ సాగుతున్న ఆనవాయితీ ఇది. ఒకప్పుడు మగపిల్లలే, ఇప్పుడు ఆడపిల్లలూ ఉన్నారు. అందరికంటే చిన్నవాడి టోపీ కళ్ళ మీదికి జారిపోతోంది. వాడి రెండు చేతుల్లో డప్పు పుల్లలున్నాయి, టోపీ ఎత్తుకునే వీలు లేదు. పటాలం మలుపు తిరిగేదాకా వాడు తల వెనక్కి వాల్చి, ముక్కు కిందనుంచి దారి చూసుకుంటూ నడిచాడు.

చక్కెర పాకం పట్టిన వేడి బాదంపప్పుల పొట్లం యాభై క్రోనర్ల పైమాటే. వాసన ముందు లెక్కలు నిలవలేదు. సీసా నీళ్ళు తాగాక ఖాళీ సీసాను నేను చెత్తబుట్టలో వేయబోతుంటే అల్లుడు, "అత్తయ్యగారూ, బయటికి పోయాక వేద్దాం" అని సంచీలో పెట్టుకున్నాడు. ఊళ్ళో చెత్తబుట్టలకు పక్కన చిన్న అర ఉంటుంది. డిపాజిట్ ఉన్న సీసాలు అందులో పెడితే, ఏరుకునేవాళ్ళు చెత్తలో చెయ్యి పెట్టనక్కరలేకుండా తీసుకెళ్ళి దుకాణంలో ఇచ్చి క్రోనర్లు తెచ్చుకుంటారు. నాకు ఆ దేశంలో ఏ భవనమూ ఈ అర అంత గుర్తుండదు.

1951లో వాల్ట్ డిస్నీ ఇక్కడికి వచ్చి చూసి వెళ్ళాడు. మరో నాలుగేళ్ళకు తన పార్కు తెరిచాడు. ఆయన ఏ బెంచీ మీద కూర్చున్నాడో ఎవరూ రాసిపెట్టలేదు. 1944లో ఇదే జూన్ నెలలో, జర్మన్ల ఆక్రమణ కాలంలో, నాజీల పక్షం వాళ్ళు బాంబులు పెట్టి ఇక్కడి సంగీత మందిరాన్ని కాల్చేశారు. శిథిలాల మధ్యనే తోటను త్వరలోనే తిరిగి తెరిచారట. ఈ సంగతి చెప్పినప్పుడు మావారు చాలాసేపు చెరువు వైపు చూస్తూ ఉండిపోయారు.

పది దాటాక ఆకాశం ముదురు నీలమైంది. దీపాలు ఒక్కసారిగా భగ్గుమనలేదు. ముందు చెరువు అవతల గోపురాల అంచులు, తర్వాత చెట్ల కొమ్మల్లోని గాజు బుడ్డీలు, తర్వాత నీళ్ళలో వాటి నీడలు. లక్షకు పైగా దీపాలున్నాయంటారు. అన్నీ పసుపు వెలుగే, కళ్ళలో గుచ్చుకోవు. శివరాత్రి నాడు కోటప్పకొండ ప్రభల మీద దీపాలు దూరం నుంచి కదిలి వస్తుంటే చూసిన కళ్ళకు ఇది కొత్త కాదు, అయినా కొత్తగానే ఉంది.

ఆ వెలుగులో కొండలా లేచిన చెక్క రోలర్ కోస్టర్ కనిపించింది. పేరు రుట్షెబానెన్, 1914 నాటిది. చాలా పార్కుల్లో బండిని యంత్రం ఆపుతుంది. ఇక్కడ బండి మధ్యలో ఒక మనిషి కూర్చుని, వాలులో ఎంత వేగం పోనివ్వాలో చూసుకుంటూ లివర్ లాగుతాడు, ఎడ్లబండి తోలేవాడు పగ్గాలు పట్టుకున్నట్టు. ఆ మనిషి ఉన్నాడన్న ధైర్యంతోనో ఏమో, సంచులు మావారి ఒళ్ళో పెట్టి లేచాను. అమ్మాయి నోరు తెరుచుకుని చూసింది. "అమ్మమ్మా, నా పక్కన కూర్చో" అని మనవరాలు చెయ్యి పట్టుకుంది.

మొదటి వాలులో నా కళ్ళు మూసుకుపోయాయి. రెండో వాలులో తెరిచాను. చీకటి గుహలోకి దూరి, మలుపు తిరిగి, హఠాత్తుగా తోటంతా దీపాలతో కింద పరుచుకుని కనిపించిన ఆ ఒక్క క్షణంలో, మా వెనక లివర్ కిర్రున మోగి బండి నెమ్మదించింది. వెనక్కి తిరిగి చూశాను. ఆ కుర్రాడు నా వైపు చూసి కనుబొమలెగరేసి, మళ్ళీ లివర్ వదిలేశాడు.

దిగి వచ్చేసరికి మావారు సంచుల మధ్య నిటారుగా కూర్చుని, బాదంపప్పుల పొట్లం ఖాళీ చేసి ఉన్నారు.

"ఎలా ఉంది?" అన్నారు.

నేను ఆయన పక్కన కూర్చుని జుట్టు సర్దుకున్నాను.

"సంచులు ఇటివ్వండి," అన్నాను. "మీరు వెళ్ళి రండి."